ఉబ్బసమున్న పిల్లికి పీల్చే మందు అలవాటు చేయు విధానము

(చందూరు రైతుల సమావేశములో ఒక సేద్యశాస్త్ర ఉపన్యాసకులు చేసిన ప్రసంగ పాఠము)



మనిషికి ఆయాసము వచ్చి ఊపిరిలో కీచుకీచుమని చప్పుడైతే 'పిల్లికూతలు వస్తున్నాయి' అని మన పెద్దలు అంటారు. మరి ఆ కూతలు పిల్లికే వస్తే ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నాకు పుస్తకములో ఎదురు కాలేదు. ఇదే ఊరిలో, మా ఇంటి కొట్టములో ఎదురైనది.

సేద్యము చెప్పవలసినవారు పిల్లి సంగతి ఎత్తుకున్నారేమిటని మీలో కొందరు నవ్వుకొంటున్నారు. నవ్వండి, తప్పు లేదు. వరి మాటలు, చెరకు మాటలు రుద్రూరు పరిశోధనా స్థానము వారు మీకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. నేనొక చిన్న మాట అడుగుతాను. నిజాంసాగరు కాలువ నీరు కట్టి, ఎరువు వేసి, కలుపు తీసి, కోసి ఇంటికి తెచ్చిన వడ్లకు రాత్రిపూట కాపలా ఎవరు? పందికొక్కు పిల్లికి లొంగదు గాని, ఇంటి ఎలుకలు, చుంచులు దాని వాసనకే జంకుతాయి. జీతము లేకుండా పనిచేసే ఆ కాపలాదారు జబ్బుపడితే మనము చూచీ చూడనట్లు ఉండుట న్యాయము కాదు.

జబ్బును గుర్తించుట

రెండేండ్ల క్రితము వానాకాలపు వరి కోతల రోజులలో మా పిల్లి దగ్గుట మొదలుపెట్టినది. నాలుగు కాళ్ళు ముడుచుకొని, మెడ ముందుకు చాచి, తల నేలకు ఆనించినట్లు పెట్టి దగ్గేది. చివరకు ఏదో మింగినట్లు గుటక వేసి లేచి పోయేది. గొంతులో వెంట్రుకల ఉండో, చేపముల్లో అడ్డుపడినదని మేమనుకున్నాము. ఒక చెంచా నెయ్యి నాకించి ఊరుకున్నాము. ఆ విధముగా ఎనిమిది రోజులు పోగొట్టుకున్నాము. ఒక రాత్రి అది కుక్కవలె నోరు తెరచి రొప్పుచు గోడ వారకు నక్కి కూర్చున్నది. పిల్లి నోటితో ఊపిరి పీల్చుట సాధారణము కాదు. అది ప్రాణాపాయ లక్షణము. గంపలో పెట్టి నిజామాబాదు తీసుకొనిపోయినాము. పశువైద్యులు ప్రాణవాయువు పెట్టి, సూది మందు ఇచ్చి, తెల్లవారేసరికి దానిని మనలో కలిపినారు. జబ్బు పేరు ఉబ్బసమని చెప్పినారు.

మా తప్పు మీరు చేయకుండుటకు గుర్తులు చెప్పుతాను. వెంట్రుకల ఉండ అడ్డుపడిన పిల్లి దానిని కక్కి బయట వేస్తుంది. దగ్గు మాటిమాటికి వచ్చి, కక్కుటకు ఏమియు రాకుంటే ఊపిరితిత్తులను అనుమానించవలెను. పిల్లి నిద్రించునప్పుడు దాని డొక్కను చూడండి. డొక్క ఒకసారి లేచి ఒకసారి పడితే ఒక ఊపిరి. అరనిమిషము లెక్కించి రెండింతలు చేయండి. నిద్రలో నిమిషమునకు 30కి లోపు ఉండుట మేలు. రోజు రోజుకు లెక్క పెరుగుతున్నా, 40 దాటినా వైద్యునికి చూపవలెను. ఈ లెక్కకు యంత్రము అవసరము లేదు, గడియారము చాలు.

జబ్బు ఎట్లు వస్తుంది?

ఊపిరితిత్తులలో గాలి పోవు సన్నని గొట్టములు కొన్ని పిల్లులలో మిక్కిలి సున్నితముగా ఉంటాయి. దుమ్ము, పొగ, బూజు, పుప్పొడి వంటివి తగిలినపుడు ఆ గొట్టముల లోపలి పొర వాచి, జిగట ఊరి, చుట్టూ ఉన్న కండరము బిగుసుకొంటుంది. పూడిక పేరుకున్న పిల్లకాలువలో నీరు పారనట్లే ఆ గొట్టములో గాలి ఆడదు.

మన ప్రాంతములో దుమ్ముకు, పొగకు కొదువ లేదు. వడ్లు తూర్పార పట్టునప్పుడు లేచే పొట్టు, మిల్లు ఊక, తవుడు, బూజు పట్టిన గడ్డివాము, పసుపు కొమ్ములు మెరుగు పెట్టునప్పుడు లేచే ధూళి, బీడీలు చుట్టే ఇండ్లలోని పొగాకు నుసి, ఇంటిలో కాల్చే బీడీ చుట్టల పొగ, దోమల బిళ్ళల పొగ - ఇవన్నీ మనకు నిత్యము. బోధనులో చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత చెరకు తగ్గి, వరి మరింత పెరిగినది. కోత యంత్రము వెంట వరి కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టుట కూడా పెరిగినది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉంటాయని లెక్క. నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతయు పొగలో కలసిపోతుంది. డబ్బు పెట్టి యూరియా కొనేవారు ఉన్న నత్రజనిని కాల్చుకొనుట ఏ సేద్యమో మీరే చెప్పండి. ఆ పొగ మన ఇంటిలోనికే వస్తుంది. నేలబారున తిరిగే జీవికి దుమ్ము మనకంటె ముందు తగులుతుంది.

ముందుగా వైద్యుడు

దగ్గే ప్రతి పిల్లికి ఉబ్బసమని చెప్పుటకు వీలు లేదు. గుండె జబ్బు ఉన్న పిల్లి కూడా ఆయాసపడుతుంది. నత్తలనుండి పుట్టే ఒక ఊపిరితిత్తుల పురుగు, ఆ నత్తలను తిన్న ఎలుకలను, బల్లులను, పక్షులను పిల్లి తినుట వలన దానికి సోకుతుంది. అప్పుడును ఇదే దగ్గు. పురుగుకు మందు వేరు, ఉబ్బసమునకు మందు వేరు. పెంటను పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించి తేల్చుకొనవలెను.

మరొక సంగతి రైతులు ముఖ్యముగా గమనింపవలెను. పొలములో బ్రోమాడయోలోన్ ఎర పెట్టిన రోజులలో, ఆ ఎర తిన్న ఎలుకను పిల్లి తింటే విషము దానికి కూడా ఎక్కవచ్చును. రక్తము గడ్డకట్టు గుణము పోయి, ఊపిరితిత్తులలోనే రక్తము చేరి ఆయాసము రావచ్చును. ఎర పెట్టిన కాలములో పిల్లి రొప్పితే ఆ సంగతి వైద్యునికి మొట్టమొదట చెప్పండి. చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చివేయండి.

ఇంటిలోని మనుషుల మందు పిల్లికి వేయరాదు. జ్వరమునకు మనము మ్రింగే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటైనను పిల్లిని చంపగలదు. దాని కాలేయమునకు ఆ మందును విరిచివేయు శక్తి చాలదు. చాలామంది అడిగే మాట మరొకటి ఉన్నది. ప్రతి సంవత్సరము మృగశిర నాడు హైదరాబాదులో ఉబ్బస రోగులకు చేప మందు ఇస్తారు కదా, పిల్లికి ఇప్పించరాదా అని. చేప పిల్లికి ప్రియమైనదే, అయితే బతికిన చేపను మ్రింగించుట వైద్యము కాదు. మా పిల్లికి కూడా చేప ఉపయోగపడినది, కాని వేరొక పనికి. ఆ సంగతి ముందు వస్తుంది.

పీల్చే మందు ఎందుకు?

వైద్యులు రెండు రకముల మందులు చెప్పుతారు. వాపును తగ్గించేది ఒకటి, బిగిసిన గొట్టములను వదులు చేసేది ఒకటి. మొదటిది స్టీరాయిడు. ఇది రోజూ వాడవలసినది. రెండవది సాల్బుటమాల్. ఇది ఆయాసము వచ్చినపుడు అక్కరకు వచ్చేది. రెండవదానితోనే సరిపెట్టుకొనరాదు, అది బిగువును సడలిస్తుంది గాని వాపును తగ్గించదు.

స్టీరాయిడు బిళ్ళలు, సూదులు చౌక, త్వరగా పనిచేస్తాయి. కాని ఎక్కువకాలము వాడితే శరీరమంతటికి సోకి, పిల్లికి చక్కెర వ్యాధి తెచ్చే ప్రమాదము కలదు. ఫ్లుటికసోన్ అనే స్టీరాయిడును ఊపిరితో పీల్పిస్తే మందు ముఖ్యముగా ఊపిరితిత్తులకే చేరుతుంది. మొక్క మొదట్లో వేసిన ఎరువుకును, చేనంతా చల్లిన ఎరువుకును ఎంత భేదమో ఇక్కడా అంతే. అయితే దీని గుణము పూర్తిగా కనిపించుటకు ఒకటి రెండు వారములు పడుతుంది. అందుచేత మొదట్లో బిళ్ళలు కూడా ఇచ్చి, తరువాత వైద్యులే క్రమముగా తగ్గిస్తారు. మనంతట మనము ఒక్కసారిగా ఆపరాదు.

నొక్కితే కొలత ప్రకారము మందు చిమ్మే డబ్బా 1956లో అమెరికాలో వెలువడినది. అది ఉబ్బస రోగులైన మనుషుల కొరకు తయారైనది. మనిషి నొక్కుటను, పీల్చుటను జతపరచగలడు, పిల్లి చేయజాలదు. అందువలన మధ్యలో ఒక గొట్టము పెట్టవలెను. దీనిని స్పేసరు అంటారు. ఒక కొనకు మందు డబ్బా, రెండవ కొనకు ముక్కు, నోరు కప్పే చిన్న మాస్కు ఉంటాయి. మందు గొట్టములో నిలిచి, పిల్లి తన తీరున పీలుస్తుంది. కొన్ని గొట్టములలో పలుచని రేకు ఊపిరికి కదలుతుంది. దానిని చూచి ఊపిరులు లెక్క పెట్టవచ్చును. పిల్లుల కొరకే కెనడా సంస్థ ఒకటి 'ఏరోక్యాట్' అనే గొట్టము చేస్తున్నది. అది దొరకనపుడు పసిపిల్లల స్పేసరు, మాస్కు పనికివస్తాయేమో మీ వైద్యునికి చూపి నిర్ణయించుకొనండి. గొట్టము, మాస్కు మూతికి సరిగా ఆనవలెను. బిళ్ళ విరిచి పొడి పీల్చే రోటాహేలరు మాత్రము పిల్లికి పనికిరాదు. దానికి గట్టిగా లాగి పీల్చవలెను.

నేను చేసిన తప్పు

పరికరము తెచ్చిన మరునాడే పిల్లిని తువాలులో చుట్టి, మూతికి మాస్కు అదిమి, డబ్బా నొక్కినాను. బుస్సుమని చప్పుడైనది. పిల్లి చెవికి అది పాము బుస. నా చేయి చీరుకొని, గడ్డివాము ఎక్కి, రెండు దినములు ఇంటికి రాలేదు. ఆ రెండు దినములు దానికి మందు లేదు. ఆయాసము తిరిగి వస్తే ఎవరును చూడని చోట చచ్చేది. నేను చేసినది వైద్యము కాదు, వేటాడుట.

గడ్డివాము వైపు చూస్తూ కూర్చున్న నన్ను చూచి మా నాయన, "మొదటి రోజే కోడె మెడ మీద కాడి పెడితే అది నాగలి గుంజుతదా? ముందుగాల చెయ్యి అలవాటు చెయ్యాలె" అన్నాడు. కోడెను సాధుచేయుట ఎరిగిన రైతుకు పిల్లిని సాధుచేయుట కొత్త విద్య కాదు. అందలి సూత్రము ఒక్కటే: భయపడక ముందే ఆపవలెను, ఓర్చుకున్న వెంటనే ఫలితము ఇవ్వవలెను.

అలవాటు చేసే క్రమము

ఫలితముగా ఇచ్చునది పిల్లికి మిక్కిలి ఇష్టమైనదై ఉండవలెను. మా పిల్లికి ఉప్పు, కారము వేయక ఉడికించిన చేపముక్క. చింతగింజ పరిమాణమునకు మించరాదు. ఆ చేపను మరే వేళలోను పెట్టరాదు. ఆకలిగా ఉన్నపుడు, పాలు పితికే వేళలందు ఉదయము, సాయంకాలము ఐదేసి నిమిషములు చాలును.

మొదటి మెట్టు: గొట్టమును తినే పళ్ళెము ప్రక్కన ఊరక పెట్టండి. పిల్లి దానిని వాసన చూచిన ప్రతిసారి ఒక ముక్క. చేతితో పట్టుకొని మీదికి తీసుకొనిపోరాదు. రెండు మూడు రోజులు.

రెండవ మెట్టు: మాస్కు అంచుకు కొంచెము చేప పులుసు నీరు పూసి పట్టుకొనండి. తానుగా నాకవలెను. మూతి మాస్కు లోపలికి పోయిన క్షణమున ముక్క ఇవ్వండి.

మూడవ మెట్టు: మాస్కును మూతికి తాకించి తీసివేయండి, ముక్క. తరువాత ఒక ఊపిరి సేపు, రెండు, నాలుగు. పిల్లి తల త్రిప్పక ముందే మీరు తీయవలెను. తల త్రిప్పినదంటే మీరు తొందరపడినారని అర్థము. ఆ పూట ఆపి, మరునాడు వెనుకటి మెట్టునుండి మొదలుపెట్టండి. ఎడమ చేతిని తల వెనుక ఊత వలె ఉంచవచ్చును గాని మెడ పట్టి బిగించరాదు. పది ఊపిరుల వరకు పోవుటకు మాకు పది రోజులు పట్టినవి.

నాలుగవ మెట్టు: చప్పుడు. పిల్లి తింటుండగా గది ఆ మూలన, మాస్కును అటు వైపు త్రిప్పి డబ్బా నొక్కండి. చెవులు వెనుకకు పోకుంటే మరునాడు ఒక అడుగు దగ్గరకు రండి. ప్రతి చప్పుడుకు ఒక ముక్క. మందు వృథా కాకుండ, ఒక పూటకు ఒకసారి చాలును.

ఐదవ మెట్టు: కలుపుట. డబ్బాను బాగుగా ఊపి గొట్టమునకు తగిలించవలెను. గొట్టమును పిల్లికి దూరముగా పెట్టి ఒకసారి నొక్కి, జాగు చేయక మాస్కును మూతికి ఆనించవలెను. మందు గొట్టములో కొద్ది క్షణములే తేలి ఉంటుంది. ఏడు నుండి పది ఊపిరులు లెక్కించి తీసి, ముక్క పెట్టవలెను. చప్పుడుకు పూర్తిగా అలవాటుపడిన తరువాత మాస్కు పెట్టియే నొక్కవచ్చును.

మాకు ఇదంతయు మూడు వారములలో ముగిసినది. కొన్నింటికి నాలుగు రోజులు, కొన్నింటికి రెండు నెలలు పట్టవచ్చును. అలవాటు అయ్యేవరకు వైద్యులు ఇచ్చిన బిళ్ళలు మానరాదు.

పనిముట్ల పోషణ

మందు ఇచ్చిన తరువాత మూతి చుట్టూ తడిగుడ్డతో తుడవండి. గొట్టమును వారమునకు ఒకసారి సబ్బునీటిలో కడిగి, గుడ్డతో రుద్దక నీడలో ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే మందు గొట్టము గోడకు అతుక్కొనిపోతుంది. డబ్బాలో ఎన్ని నొక్కులు ఉన్నవో దానిపై అచ్చువేసి ఉంటుంది. రోజుకు ఎన్ని వాడుచున్నారో గోడ మీది పంచాంగములో గీతలు పెట్టుకొనండి. డబ్బాను ఊపితే చప్పుడు వచ్చినంతమాత్రమున మందు ఉన్నదనుకొనరాదు.

చేయరాని పనులు

పిల్లిని వెంటాడి పట్టుకొని మందు ఇవ్వరాదు. ఒకసారి వెంటాడితే పది దినముల పని పాడవుతుంది. దగ్గు తగ్గినదని స్టీరాయిడు మానరాదు. నోరు తెరచి రొప్పినా, చిగుళ్ళు నీలిబారినా, వైద్యుడు సాల్బుటమాల్ ఇచ్చి ఉంటే దానిని ఇచ్చి, కలవరపెట్టక గంపలో పెట్టి వైద్యుని వద్దకు పోవలెను. ఆ సమయమున నోటిలో నీరు, నూనె, పసరు పోయరాదు. పిల్లి ఉన్న గదిలో బీడీ, దోమల బిళ్ళ, సాంబ్రాణి పొగ మానవలెను. వడ్లు తూర్పార పట్టే రోజున దానిని వేరొక గదిలో ఉంచవలెను.

ఖర్చు మాట

ఒక పిల్లికి ఇంత ఖర్చా, ఇంత శ్రమయా అని మీరు అడుగుతారు. మందుకు ఖర్చు అవుతుంది, కాదనను. పెట్టలేని వారు వైద్యునికి ఆ మాట దాచక చెప్పి, బిళ్ళలతో నెట్టుకొనిరాగల మార్గము అడగండి. పొగ, దుమ్ము తగ్గించుటకు మాత్రము ఖర్చు లేదు. వైద్యము సగము అందులోనే ఉన్నది.

మా ఇంటిలో దీనికి వచ్చిన ఫలితము నేను ఎదురుచూడనిది. మా నాయనకు ఇరవై ఏండ్లుగా ఉబ్బసము. ఆయన డబ్బాను నేరుగా నోటిలో పెట్టి నొక్కుకొని, వెంటనే నోరు మూసి, మందు పనిచేయుట లేదని విసుగుకొనేవాడు. మందు చాలావరకు నాలుక మీదనే పడేది. స్పేసరు వాడుమని నేను ఎన్నిసార్లు చెప్పినను, "అది చిన్నపిల్లలకు" అని త్రోసివేసేవాడు. పిల్లికి పది ఊపిరులు నేను లెక్కపెట్టుచుండగా ప్రక్కన కూర్చుండి చూచేవాడు. ఒక సాయంకాలము ఏమియు అనక, తనకు కూడా ఒక గొట్టము తెమ్మన్నాడు. కుటుంబ వైద్యుని అడిగి తెచ్చినాను. ఆ శీతకాలము ఆయన ఒక్క రాత్రియు మంచము మీద కూర్చుండి తెల్లవార్చలేదు. బీడీ అరుగు దిగి వీధిలోనికి పోయినది. మరుసటి పంటకు మా కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టలేదు. నీరు కట్టి దమ్ములో కలిపినాము.

ఇప్పుడు పాలు పితికే వేళకు ఇద్దరును అరుగు మీదకు వచ్చి కూర్చుంటారు. పిల్లికి చేపముక్క, ఆయనకు టీ.

కనుక సోదరులారా, ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనండి. దగ్గును వెంట్రుకల ఉండ అని తీసివేయకండి. నిద్రలో ఊపిరులు లెక్కించండి. సొంత వైద్యము చేయక పశువైద్యునికి చూపండి. మందు అలవాటు చేయునపుడు కోడెకు చూపిన ఓర్పునే పిల్లికిని చూపండి. ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత గుమ్మి ప్రక్కన పండుకొన్న పిల్లి డొక్కను ఒక్క నిమిషము చూడండి. ఆ తరువాత, ఇంటిలో పిల్లికూతలు వచ్చే మనిషి ఉంటే వారి ఊపిరిని కూడా ఆలకించండి.